టైప్ 1 షుగర్‌కి మూలకణాల చికిత్స వచ్చేసిందా? 12 మందిలో 10 మందికి ఇన్సులిన్ ఆగిందట

కృష్ణా కరకట్ట | శనివారం, రాత్రి 10:42

నమస్కారమండీ. మా పాపకి పదమూడేళ్లు, టైప్ 1 షుగర్. రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్, చేతికి సెన్సర్. బడికి వెళ్తుంది, షటిల్ ఆడుతుంది, పగలంతా బాగానే ఉంటుంది. రాత్రిపూట షుగర్ పడిపోతుందేమోనన్న భయం మాత్రం మమ్మల్ని వదలదు.

ఈ వారం మా బంధువుల గ్రూపులో రెండు మెసేజ్‌లు వచ్చాయి. ఒకటి అమెరికా వార్త. ల్యాబ్‌లో మూలకణాల (స్టెమ్ సెల్స్, అంటే వేరే కణాలుగా మారగలిగే కణాలు) నుంచి తయారుచేసిన కణాలు ఎక్కిస్తే 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అక్కర్లేకుండా పోయిందట. రెండోది ఒక క్లినిక్ ప్రకటన: "స్టెమ్ సెల్స్‌తో టైప్ 1 పూర్తిగా నయం, పిల్లలకు ప్రత్యేక ప్యాకేజీ" అని. ఫోన్ చేస్తే లక్షల్లో చెప్పారు. ఈ నెలలోనే అడ్వాన్స్ కట్టమంటున్నారు.

అమెరికా వార్త నిజమేనా? నిజమైతే ఈ క్లినిక్ చేసేదీ అదేనా? కాకపోతే ఆ అసలు వైద్యం మన పిల్లల దాకా ఎప్పుడొస్తుంది? పొలం అమ్మైనా చేయిద్దామని మా నాన్న అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

చార్లెస్ నది | ఆదివారం, ఉదయం 6:15

ముందు ఆ అడ్వాన్స్ కట్టకండి. మిగతా సంగతులన్నీ దాని తర్వాతే.

నేను బోస్టన్‌లో ఉంటాను, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం కణాల మీదే నా పని. మీరు చదివిన వార్త నిజం. వర్టెక్స్ కంపెనీ చేస్తున్న ట్రయల్ అది, మందు పేరు జిమిస్లెసెల్. ఫలితాలు 2025 జూన్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. పిండ మూలకణాల నుంచి ఇన్సులిన్ తయారుచేసే కణాల గుత్తులను ల్యాబ్‌లో పెంచి, కాలేయానికి వెళ్లే పోర్టల్ సిర ద్వారా ఎక్కించారు. ఒక్కొక్కరికీ పూర్తి మోతాదు 80 కోట్ల కణాలు. ఆ మోతాదు తీసుకున్న 12 మందికీ మూడు నెలలు దాటాక షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం ఆగింది, అందరికీ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 7 కంటే కిందకి వచ్చింది. ఏడాది నాటికి 10 మంది ఇన్సులిన్ మానేశారు.

ఇప్పుడు వాట్సాప్‌లో రాని భాగం. వాళ్లంతా పెద్దవాళ్లు. షుగర్ పడిపోతున్నా శరీరం ఏ హెచ్చరికా ఇవ్వక, స్పృహ తప్పేదాకా తెలియనివాళ్లు. కణాలు బతికి ఉండాలంటే వాళ్లు రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతూనే ఉండాలి. ట్రయల్‌లో మొత్తం 14 మందిలో ఇద్దరు చనిపోయారు. ఒకరికి క్రిప్టోకాకస్ ఫంగస్ వల్ల మెనింజైటిస్ వచ్చింది. ఇంకొకరికి ముందునుంచీ ఉన్న మెదడు జబ్బు ముదిరింది. ఆ ఫంగస్ మామూలుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల జోలికి వచ్చేది కాదు. నిరోధక శక్తి తగ్గినవాళ్లనే పట్టుకుంటుంది.

ఈ కథ ఎంత పాతదో కూడా తెలియాలి. మనిషి పిండ మూలకణాలను 1998లో విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ బృందం మొదటిసారి వేరుచేసింది. హార్వర్డ్‌లో డగ్లస్ మెల్టన్ అనే శాస్త్రవేత్త కప్పల పిండాల మీద పనిచేసుకునేవారు. కొడుకు శామ్‌కి పసితనంలోనే టైప్ 1 వచ్చింది, తర్వాత కూతురు ఎమ్మాకీ వచ్చింది. ఆయన తన పరిశోధన మొత్తాన్ని క్లోమం వైపు తిప్పేశారు. మూలకణాల నుంచి ఇన్సులిన్ కణాలను పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతి 2014లో వచ్చింది. పిల్లలిద్దరి పేర్లూ కలిపి సెమ్మా అని కంపెనీ పెట్టారు. దాన్ని వర్టెక్స్ 2019లో 95 కోట్ల డాలర్లకి కొన్నది. అంత పట్టుదల ఉన్న తండ్రికే ఇన్నేళ్లు పట్టింది. ఒక్క నెలలో ప్యాకేజీగా ఇస్తామనేవాళ్ల దగ్గర అదే వస్తువు ఉండే అవకాశం లేదండీ.

నల్లగొండ 88 | ఆదివారం, ఉదయం 8:03

ఈ క్లినిక్‌ల గురించి నా మాట వినండి అన్నా. మా అన్నయ్యకి బండి మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్నది. నడుము కింద స్పర్శ లేదు. ఒక క్లినిక్ వాళ్లు మూలుగ నుంచి కణాలు తీసి వెన్నులోకి ఎక్కిస్తామన్నారు. డబ్బంతా ముందే తీసుకున్నారు. ఇంజెక్షన్లు అయ్యాక ఏం ఎక్కించారో, ఎన్ని కణాలో, ఎవరు టెస్ట్ చేశారో ఒక్క కాగితం ఇవ్వమంటే ఇవ్వలేదు. డిశ్చార్జి సమ్మరీలో "సెల్యులర్ థెరపీ" అని రెండు మాటలు రాశారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. అన్నయ్యకి తేడా ఏమీ లేదు. అప్పు మాత్రం ఇంకా తీరుతూనే ఉంది.

ల్యాబ్ కోటు | ఆదివారం, ఉదయం 11:30

నల్లగొండ గారూ, మీ కుటుంబానికి జరిగింది చదివి బాధగా ఉంది. ఆ కాగితం అడగడం మీ హక్కు. నేను హైదరాబాద్‌లో కణాల తయారీ క్లీన్ రూమ్‌లో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తాను. ఒక కణాల బ్యాచ్ బయటకి వెళ్లాలంటే వెనకాల ఎంత కాగితం ఉంటుందో నాకు తెలుసు. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

మొదట ఒక తేడా. మూలుగ నుంచో పొట్ట కొవ్వు నుంచో తీసినవి పెద్దల శరీరంలో ఉండే కణాలు. మూలుగలోని రక్త మూలకణాలు రక్తాన్ని తయారుచేస్తాయి, అందుకే తలసేమియాకీ, రక్త క్యాన్సర్లకీ అవి నిజమైన వైద్యం. కానీ అవి ఇన్సులిన్ కణంగానో నరాల కణంగానో మారవు. ఏ కణంగానైనా మారగలిగేవి ప్లూరిపొటెంట్ కణాలు. అవి రెండు రకాలు: పిండం నుంచి వచ్చినవి, చర్మం లేదా రక్త కణాలను వెనక్కి మళ్లించి తయారుచేసిన ఐపీఎస్ కణాలు. రెండో పద్ధతిని షిన్యా యమనాక 2006లో ఎలుకల్లో, 2007లో మనిషి కణాల్లో చేసి చూపించారు, 2012లో నోబెల్ వచ్చింది. క్లినిక్‌ల ప్రకటనల్లో ఈ ప్లూరిపొటెంట్ కణాల విజయాలు చూపించి, చేతికి మూలుగ, కొవ్వు కణాలు ఇస్తారు. మోసమంతా అక్కడే.

అసలైన ప్లూరిపొటెంట్ కణాలని మందుగా మార్చడంలో కష్టం ఏమిటంటే, వాటి బలమే వాటి ప్రమాదం. ఏదైనా కాగలవు కాబట్టి, మారకుండా మిగిలిపోయిన కణాలు శరీరంలోకి వెళ్తే టెరటోమా అనే గడ్డ కట్టొచ్చు. లెక్క చూడండి. మోతాదు 80 కోట్లు. మా దగ్గర మామూలుగా వాడే ఫ్లో సైటోమెట్రీ (కణాలని ఒక్కొక్కటిగా లెక్కించే పరీక్ష) వెయ్యికి ఒకటి మిగిలితే పట్టుకుంటుంది అనుకుందాం. అంటే "ఏమీ కనబడలేదు" అని రిపోర్ట్ వచ్చినా 8 లక్షల దాకా మారని కణాలు అందులో ఉండొచ్చు. లక్షకి ఒకటి మిగిలినా 8 వేలు. అందుకే ఇంతకంటే సూక్ష్మమైన జన్యు పరీక్షలు, ఎలుకల్లో నెలల తరబడి పెట్టి చూసే పరీక్షలు అవసరమవుతాయి.

రెండోది జన్యు మార్పులు. ఈ కణాలు విభజన చెందుతూనే ఉంటాయి. ఎక్కడో ఒక కణంలో త్వరగా పెరిగే మార్పు వస్తే అదే డిష్ అంతా ఆక్రమిస్తుంది. 20వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క రెట్టింపు కావడం మాకు బాగా తెలిసిన తలనొప్పి. 2017లో 140 పిండ మూలకణాల లైన్లను పరీక్షిస్తే 5 లైన్లలో పీ53 జన్యువు దెబ్బతిని కనిపించింది. క్యాన్సర్‌ని అడ్డుకునే జన్యువు అది.

మన ఇళ్లలో పెరుగు తోడు లాంటిదే ఇదంతా. రోజూ నిన్నటి పెరుగుతోనే తోడేస్తూ పోతే, ఒకరోజు తోడు చెడితే ఆ తర్వాతి గిన్నెలన్నీ చెడతాయి. అందుకే మంచిదని తేలిన మొదటి తోడునే వందల చిన్న సీసాల్లో నింపి ద్రవ నైట్రోజన్‌లో దాచేస్తాం. దాన్ని మాస్టర్ సెల్ బ్యాంక్ అంటారు. ప్రతి బ్యాచ్ అక్కడి నుంచే మొదలవ్వాలి.

ఇంకొకటి, బయట ఎవరూ మాట్లాడనిది: సమయం. సూక్ష్మజీవులు లేవని తేల్చే స్టెరిలిటీ పరీక్షకే 14 రోజులు పడుతుంది. చలిలో గడ్డకట్టించి దాచగలిగే కణాలైతే ఫలితం వచ్చేదాకా ఆగుతాయి. గుండె మీద అంటించే కణాల పొర లాంటిది తాజాగా వెళ్లాలి, 14 రోజులు ఆగదు. అప్పుడు త్వరగా తేలే వేరే పరీక్షలని ముందే నిరూపించుకుని రెగ్యులేటర్‌ని ఒప్పించాలి. ఒక్క ఈ విషయం మీదే కంపెనీలు ఏళ్లు గడుపుతాయి.

పిల్లల డాక్టర్, కర్నూలు | ఆదివారం, మధ్యాహ్నం 2:20

కరకట్ట గారూ, మీ భయం నేను రోజూ ఓపీలో తల్లిదండ్రుల కళ్లలో చూస్తాను. సూటిగా చెబుతాను. రేపు ఉదయం జిమిస్లెసెల్ మన ఊరికి వచ్చినా మీ పాపకి నేను రాయను.

రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ లాంటి మందులు ఏళ్ల తరబడి వాడితే కిడ్నీల మీద భారం పడుతుంది, ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. ఎదిగే వయసు పిల్లకి, మన దగ్గర టీబీ ఇంత ఉన్నచోట, అది చిన్న విషయం కాదు. ఇన్సులిన్, సెన్సర్‌తో బాగా నెట్టుకొస్తున్న అమ్మాయికి ఒక జబ్బు తీసేసి ఇంకో జబ్బు ఇచ్చినట్టవుతుంది. పదేపదే స్పృహ తప్పే పెద్దవాళ్ల లెక్క వేరు, వాళ్లకి ఆ మందుల ప్రమాదం కంటే షుగర్ పడిపోవడమే పెద్ద ప్రమాదం.

ఇంకో ముఖ్యమైన మాట. ఇలాంటి చోట్లకి వెళ్లొచ్చిన పిల్లలకి "ఇక ఇన్సులిన్ తగ్గించండి" అని చెప్పి పంపడం నేను చూశాను. టైప్ 1లో ఇన్సులిన్ ఆపితే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకోవడం) వస్తుంది, ప్రాణం పోతుంది. ఎవరు చెప్పినా, ఎంత నమ్మకంగా చెప్పినా, మీ డాక్టర్‌ని అడగకుండా ఒక్క డోసు కూడా ఆపకండి. రాత్రిళ్ల భయానికి సెన్సర్ అలారం ఎంత దగ్గర పెట్టుకోవాలి, రాత్రి ఇన్సులిన్ ఎంత మార్చాలి అన్నది మీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి. దానితో చాలా ఇళ్లలో నిద్ర తిరిగి వచ్చింది.

కృష్ణా కరకట్ట | ఆదివారం, సాయంత్రం 5:48

చాలా చాలా థాంక్స్ అండీ. మా నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. ఒక్క సందేహం. పాప సొంత రక్తం నుంచే ఆ ఐపీఎస్ కణాలు చేస్తే, అవి తనవే కదా? అప్పుడు ఆ అణచే మందులు అవసరం లేదు కదా?

చార్లెస్ నది | సోమవారం, ఉదయం 7:10

మంచి ప్రశ్న. వేరే జబ్బులకైతే చాలావరకు మీరన్నది సరైనదే. టైప్ 1లో ఇంకో చిక్కు ఉంది. ఈ జబ్బు వచ్చిందే సొంత శరీరం సొంత ఇన్సులిన్ కణాలను చంపడం వల్ల. సొంత కణాలే కొత్తగా పెట్టినా పాత శత్రువు లోపలే కాచుకుని ఉంటాడు.

చైనాలో టియాన్‌జిన్‌లో 25 ఏళ్ల ఒకామెకి సొంత కణాల నుంచే ఇన్సులిన్ కణాలు చేసి పొట్ట కండరం పొర కింద పెట్టారు. 75 రోజులకి ఇన్సులిన్ ఆగింది, 2024లో సెల్ పత్రికలో వచ్చింది. పెద్ద విజయమే. కానీ ఆమెకి అంతకుముందే కాలేయ మార్పిడి అయింది, అణచే మందులు ఎలాగూ వాడుతున్నారు. అందుకే ఆ మందులు లేకుండా కణాలు నిలుస్తాయా అన్న ప్రశ్నకి ఆ కేసు జవాబు ఇవ్వదు.

మందులు తప్పించడానికి రెండు దారులు ప్రయత్నిస్తున్నారు. ఒకటి కణాలని సన్నటి రంధ్రాల సంచిలో పెట్టడం: పోషకాలు, ఇన్సులిన్ అటూ ఇటూ పోవాలి, రక్షక కణాలు లోపలికి రాకూడదు. శాన్ డియాగోలో వయాసైట్ అనే కంపెనీ 2014 నుంచి దీన్ని మనుషుల్లో పరీక్షించింది. వర్టెక్స్ కూడా అలాంటి పరికరంతో ట్రయల్ చేసి, తగినంత ఇన్సులిన్ రాలేదని 2025 మార్చిలో ఆపేసింది. సంచి చుట్టూ మచ్చలా కణజాలం పేరుకుంటే లోపలి కణాలకి ఆక్సిజన్ అందదు. ఈ రంగంలో పదే పదే ఎదురైన గోడ ఇది.

రెండోది జన్యువులు సవరించి కణాలు రక్షక దళానికి కనబడకుండా చేయడం. స్వీడన్‌లో ఉప్సలాలో ఒక వ్యక్తికి ఇలా సవరించిన కణాలు ముంజేతి కండరంలో పెట్టారు. అణచే మందులేవీ ఇవ్వలేదు. కణాలు బతికాయి, ఇన్సులిన్ తయారుచేశాయి. మోతాదు చిన్నది కాబట్టి ఆయన ఇంజెక్షన్లు మానలేదు. ఆ కణాలు దాత క్లోమం నుంచి తీసినవి, మూలకణాల నుంచి చేసినవి కావు. అదే సవరణని మూలకణాల్లో చేసి కోట్లలో పెంచాలన్నది ఇప్పుడు అందరి ఆశ. నా ఆశ కూడా అదే. పిల్లలకి నిజంగా పనికొచ్చే వైద్యం వస్తే ఈ దారిలోనే వస్తుందని నమ్ముతున్నాను.

కంటిచూపు | సోమవారం, ఉదయం 9:35

ఇన్ని కోట్ల కణాల మాట చదువుతుంటే మా కంటి వైద్య రంగం ఎందుకు ముందు నడిచిందో రాయాలనిపించింది. రెటీనా వెనక పొర దెబ్బతిన్నవాళ్లకి మొదటి ట్రయల్స్‌లో ఇచ్చింది 50 వేల నుంచి 2 లక్షల కణాలు మాత్రమే. కంటిలో ఏం జరుగుతోందో బయటి నుంచే స్కాన్‌లో చూడొచ్చు. తేడా వస్తే లేజర్ ఉంది. రోగనిరోధక శక్తి దాడి కూడా అక్కడ కొంచెం తక్కువ.

2014 సెప్టెంబర్‌లో జపాన్‌లో కోబేలో మసాయో తకహాషి బృందం డెబ్బై దాటిన ఒక పెద్దావిడకి ఆమె చర్మ కణాల నుంచే చేసిన రెటీనా పొరని పెట్టింది. ఐపీఎస్ కణాలు మనిషిలోకి వెళ్లడం అదే మొదటిసారి. రెండో పేషెంట్ కణాల్లో జన్యు మార్పులు కనబడటంతో ఆపరేషన్ చేయకుండా ఆగారు. కణాలు తయారై ఉన్నా ఆగడం గొప్ప నిర్ణయం అంటాను. లండన్‌లో మూర్‌ఫీల్డ్స్‌లో ఇద్దరికి పిండ మూలకణాల పొర పెడితే మళ్లీ చదవగలిగారు, 2018లో ఆ వివరాలు వచ్చాయి.

మన హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) అంచులోని మూలకణాలతో రసాయనాలు పడి పోయిన చూపుని ఎన్నో ఏళ్లుగా తెప్పిస్తోంది. అవి పెద్దల కణాలు, రెండో కంటి నుంచి చిన్న ముక్క తీసుకుంటారు. రెండు కళ్లూ పోయినవాళ్లకి ఆ దారి లేదు. అక్కడే ఐపీఎస్ పనికొస్తుంది: ఒసాకాలో నలుగురికి ఐపీఎస్ నుంచి చేసిన కార్నియా పొరలు పెట్టారు, 2024లో లాన్సెట్‌లో వచ్చింది. బెంగళూరులో ఐస్టెమ్ అనే సంస్థ రెటీనా కణాలతో మన దేశంలోనే ట్రయల్ నడుపుతోంది.

ఫార్మా కాలనీ | సోమవారం, మధ్యాహ్నం 1:05

రెగ్యులేటరీ పనిలో ఉన్నాను, అందుకని చట్టం సంగతి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అప్పటికి మన దేశంలో ఆమోదించిన మూలకణ వైద్యం రక్త జబ్బుల వంటివాటికి చేసే మూలుగ మార్పిడి ఒక్కటే. అనుమతి రానివన్నీ ట్రయల్‌గానే జరగాలి. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు మూలకణాల నుంచి తయారుచేసిన ఉత్పత్తిని కొత్త మందుగానే చూస్తాయి. డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి, ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్‌ఐలో (దేశంలో జరిగే ట్రయల్స్ జాబితా) నమోదు మూడూ ఉండాలి. ట్రయల్‌లో చేరేవాళ్ల దగ్గర ఆ వైద్యానికి డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం స్పాన్సర్ బాధ్యత. ప్యాకేజీ రేటు చెప్పారంటే అది ట్రయల్ కాదు.

మోడరేటర్ | సోమవారం, మధ్యాహ్నం 1:40

క్లినిక్‌ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. రెండు పోస్టుల్లోంచి తీసేశాను. చర్చ బాగా సాగుతోంది, కొనసాగించండి.

నాన్నకోసం | సోమవారం, రాత్రి 9:12

మా నాన్నకి పార్కిన్సన్స్. మందు పనిచేసే గంటల్లో పేపర్ చదువుతారు, అది దిగిపోతే కుర్చీలోంచి లేవలేరు. జపాన్‌లో మెదడులో కణాలు పెడుతున్నారని చదివాను. అక్కడికి తీసుకెళ్తే ఉపయోగం ఉంటుందా?

చార్లెస్ నది | మంగళవారం, ఉదయం 6:50

క్యోటో బృందం ఏడుగురికి ఐపీఎస్ నుంచి తయారైన డోపమైన్ కణాలు (పార్కిన్సన్స్‌లో చచ్చిపోయే రకం మెదడు కణాలు) పెట్టింది. ఫలితాలు 2025 ఏప్రిల్‌లో నేచర్‌లో వచ్చాయి. ఒక్కొక్కరికీ 50 లక్షల నుంచి కోటి పైచిలుకు కణాలు. రెండేళ్లు గమనించారు, గడ్డలు రాలేదు. ఫలితం కొలిచిన ఆరుగురిలో నలుగురికి మందు దిగిపోయిన సమయంలో కదలికలు మెరుగయ్యాయి. అదే రోజు అదే పత్రికలో అమెరికా, కెనడాల్లో 12 మందికి పిండ మూలకణాల నుంచి చేసిన కణాలు పెట్టిన ఫలితాలూ వచ్చాయి, బ్లూరాక్ కంపెనీది. అక్కడా భద్రత బాగుంది. షుగర్‌తో పోలిస్తే ఒక మేలు ఉంది: మెదడులో కణాలు పెట్టినవాళ్లకి రోగనిరోధక శక్తిని అణచే మందులు ఏడాది పైన కొద్దికాలానికే ఆపేయగలిగారు. ఆపినా కణాలు పనిచేస్తున్నట్టు స్కాన్‌లో కనబడింది.

సుమితోమో ఫార్మా 2025 ఆగస్టులో జపాన్‌లో అనుమతికి దరఖాస్తు పెట్టింది. మీ నాన్నగారిని తీసుకెళ్లడం గురించి తొందరపడొద్దు. అది మెదడు ఆపరేషన్. ఆ ట్రయల్‌లోని వాళ్లు 50 నుంచి 69 ఏళ్ల వాళ్లు, జాగ్రత్తగా ఏరినవాళ్లు.

ల్యాబ్ కోటు | మంగళవారం, ఉదయం 10:22

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం వేరు. జపాన్‌లో 2014 నుంచి షరతులతో కూడిన, కాలపరిమితి ఉన్న అనుమతి అనే పద్ధతి ఉంది. భద్రత తేలి, పనిచేస్తుందనే సూచన కనబడితే అమ్మనిస్తారు, పూర్తి రుజువు తర్వాత సేకరించాలి. గుండెకి వాడే హార్ట్‌షీట్ అనే కణాల పొరకి 2015లో ఇలాగే అనుమతిచ్చారు. అది కండర కణాలతో చేసింది, ఐపీఎస్ కాదు. తొమ్మిదేళ్ల తర్వాత, 2024లో, పనిచేస్తుందనడానికి ఆధారం చాలదని నిపుణుల కమిటీ తేల్చింది. ఆ తొమ్మిదేళ్లూ పేషెంట్లు, బీమా డబ్బు కట్టారు. ఏడుగురిలో, పోల్చి చూడటానికి వేరే బృందం లేకుండా వచ్చిన ఫలితం మీద అమ్మకం మొదలవడం నాకు సమ్మతం కాదు.

నాన్నకోసం | మంగళవారం, మధ్యాహ్నం 12:15

మీరు చెప్పింది అర్థమైంది. కానీ మా నాన్నకి తొమ్మిదేళ్లు ఆగే వీలు లేదు. భద్రమే అని తేలినదాన్ని, తెలిసి ఒప్పుకున్నవాళ్లకి ఎందుకు ఇవ్వకూడదు? అమెరికాలో మూడో దశ ట్రయల్‌లో కొంతమందికి కణాలు పెట్టకుండానే ఉత్తుత్తి ఆపరేషన్ చేస్తారట. ఒక ముసలాయన తలకి గాటు పెట్టి, లోపల ఏమీ పెట్టకపోవడం నాకు చాలా కష్టంగా అనిపిస్తోంది.

పిల్లల డాక్టర్, కర్నూలు | మంగళవారం, రాత్రి 8:40

మీ కష్టం న్యాయమైనదే. అయినా ఆ ఉత్తుత్తి ఆపరేషన్ వైపు నేను నిలబడతాను, కారణం చెబుతాను. పార్కిన్సన్స్‌లో ఆశే మెదడులో డోపమైన్ విడుదల చేయిస్తుంది. ఏదో చేశారన్న నమ్మకంతోనే నెలల తరబడి నడక మెరుగుపడటం నిజంగా జరుగుతుంది. 1990లలో గర్భస్థ పిండాల కణజాలం పెట్టినప్పుడు తొలి వార్తలన్నీ ఉత్సాహంగానే వచ్చాయి. 2001లో 40 మందితో, సగం మందికి ఉత్తుత్తి ఆపరేషన్‌తో చేసిన ట్రయల్ వచ్చాకే అసలు సంగతి తెలిసింది. అరవై దాటినవాళ్లకి చెప్పుకోదగ్గ మేలు లేదు. పైగా కణాలు పెట్టినవాళ్లలో దాదాపు 15 శాతం మందికి మందు ఆపినా ఆగని వంకర కదలికలు వచ్చాయి. ఆ పోలిక లేకపోతే వేలమందికి అదే చేసి ఉండేవాళ్లం. ఇప్పటి కణాలు అప్పటి కంటే ఎంతో శుభ్రమైనవి, ఎంచినవి. అయినా రుజువు కావాలి. ఆ ట్రయల్‌లో ఉత్తుత్తి బృందంలో పడేవాళ్లు మిగతా అందరి కోసం ఒక పెద్ద పని చేస్తున్నట్టు. వాళ్లకి తెలిసి, ఒప్పుకుని చేరితేనే అది సబబు.

నల్లగొండ 88 | మంగళవారం, రాత్రి 10:05

డాక్టర్ గారూ, రుజువయ్యాక అయినా మాలాంటోళ్లకి అందుతుందా? కోట్లలో ఉంటే మాకెందుకు?

ల్యాబ్ కోటు | బుధవారం, ఉదయం 9:18

ఈ ప్రశ్నే నన్ను ఈ ఉద్యోగంలో ఉంచింది. ఒక్క మనిషి కోసం సొంత కణాలతో చేస్తే, ఆ బ్యాచ్ పరీక్షల ఖర్చంతా ఆ ఒక్కరి మీదే పడుతుంది. ఒకే బ్యాంకు నుంచి వందల మందికి చేస్తే అదే పరీక్షల ఖర్చు పంచుకున్నట్టవుతుంది. జపాన్ అందుకే హెచ్‌ఎల్‌ఏ రకాలు (శరీరం కణాలని తనవో పరాయివో గుర్తుపట్టే గుర్తులు) కలిసే దాతల నుంచి ఐపీఎస్ బ్యాంకు పెట్టింది. ఏడుగురు దాతలతోనే వాళ్ల జనాభాలో 40 శాతానికి సరిపోతాయి. మన దగ్గర హెచ్‌ఎల్‌ఏ వైవిధ్యం చాలా ఎక్కువ, అంత తక్కువమందితో అవదు. మన బ్యాంకు మనమే కట్టుకోవాలి, జపాన్‌దో అమెరికాదో తెచ్చుకుంటే మనకి సరిపోదు.

ఖర్చు తగ్గదనే మాట మాత్రం నేను ఒప్పుకోను. రక్త క్యాన్సర్‌కి కార్-టీ కణాల చికిత్స (రోగి సొంత రక్షక కణాలనే మార్చి తిరిగి ఎక్కించడం) చూడండి. ముంబై ఐఐటీ, టాటా మెమోరియల్ పరిశోధనలోంచి వచ్చిన నెక్స్‌కార్19కి 2023లో అనుమతి వచ్చింది. అమెరికాలో అలాంటి మందు ఒక్కటే మూడు కోట్లు దాటుతుంటే, ఇక్కడ దాని ధర అందులో పదో వంతు దగ్గరగా ఉంది. పేదవాళ్లకి అదీ ఎక్కువే, నిజం. కానీ జీవకణాల మందుని మన క్లీన్ రూముల్లో, మన మనుషులతో తయారుచేయగలమని తేలిపోయింది. మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో వ్యాక్సిన్లు చేసే చేతులకి ఇది రానిది కాదు. కావాల్సింది కణాల పెంపకానికి వాడే ప్రోటీన్లు, అవి పెరిగే పోషక ద్రవం ఇక్కడే తయారవడం. ప్రస్తుతం వాటిలో చాలావరకు దిగుమతి. మా బిల్లుల్లో పెద్ద వాటా వాటిదే.

చార్లెస్ నది | బుధవారం, రాత్రి 7:33

ఒక లెక్క చేర్చి ఊరుకుంటాను. 2024 చివరి నాటికి ప్రపంచవ్యాప్తంగా అనుమతి పొందిన ప్లూరిపొటెంట్ కణాల ట్రయల్స్ 115, వాటిలో 83 ఉత్పత్తులు, 1,200 మందికి పైగా కణాలు తీసుకున్నారు. అందరికీ వర్తించే పెద్ద భద్రతా సమస్య ఇప్పటిదాకా బయటపడలేదు. 2010లో అట్లాంటాలో జెరాన్ కంపెనీ వెన్నుపూస దెబ్బతిన్న మొదటి మనిషికి ఈ కణాలు పెట్టినప్పుడు అందరి భయం గడ్డల గురించే. ఏడాదికే ఆ కంపెనీ డబ్బు చాలక ట్రయల్ ఆపేసింది. నల్లగొండ గారి అన్నయ్యలాంటి వాళ్ల కోసం మొదలైన పని అది. ఇప్పుడు టోక్యోలో కేయో విశ్వవిద్యాలయం అదే పనిని ఐపీఎస్ కణాలతో చేస్తోంది, నలుగురికి పెట్టింది. దెబ్బ తగిలిన కొద్ది వారాల్లోపు వాళ్లకి మాత్రమే. పాత గాయాలకి ఇంకా జవాబు లేదు, ఆ మాట దాచడం నాకు ఇష్టం లేదు.

కృష్ణా కరకట్ట | గురువారం, ఉదయం 7:55

క్లినిక్‌కి వద్దని చెప్పేశాను. ఇంకోసారి ఇలాంటిది ఎవరైనా పంపితే ట్రయలా కాదా అని నేనే చూసుకునే పద్ధతి చెప్పగలరా ఫార్మా కాలనీ గారూ?

ఫార్మా కాలనీ | గురువారం, ఉదయం 11:26

చెబుతానండీ. సీటీఆర్‌ఐ వెబ్‌సైట్ అందరికీ తెరిచి ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. వెతికే చోట జబ్బు పేరు ఇంగ్లీషులో కొట్టండి. ప్రతి ట్రయల్‌కి సీటీఆర్‌ఐ అని మొదలయ్యే నంబరు ఉంటుంది, అందులో సంవత్సరం, నెల కూడా ఉంటాయి. ఎవరైనా "మాది ట్రయలే" అంటే మొదట ఆ నంబరు అడగండి.

పేజీ తెరిచాక నేను చూసేవి ఇవి. కణాలు ఎక్కడి నుంచి వచ్చాయని రాశారు? "స్టెమ్ సెల్స్" అని మాత్రమే ఉంటే అనుమానించాలి. డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి దగ్గర ఏం రాసి ఉంది? నమోదు ఒక్కటే ఉంటే అనుమతి ఉన్నట్టు కాదు, ఈ తేడా దగ్గరే చాలామంది మోసపోతారు. ట్రయల్ జరిగే ఆసుపత్రుల జాబితాలో మీకు చెప్పిన ఆసుపత్రి ఉందా? వయసు పరిమితిలో మీ పాప వస్తుందా? ఖర్చు ఎవరు పెడుతున్నారు?

ఆ తర్వాత సమ్మతి పత్రం తెలుగులో అడగండి. సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చుకుని చదవొచ్చు, కాదనే హక్కు వాళ్లకి లేదు. అందులో ఎథిక్స్ కమిటీ వాళ్ల ఫోన్ నంబరు ఉంటుంది. ఆ నంబరుకి చేసి ఈ ట్రయల్ మీరే ఆమోదించారా అని అడగండి. నల్లగొండ గారూ, మీ అన్నయ్య డిశ్చార్జి సమ్మరీలో ఏదైనా నంబరు ఉంటే నాకు ప్రైవేటుగా పంపండి, అది నమోదైన ట్రయలో కాదో చూసి చెబుతాను. కాకపోతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కీ, డ్రగ్స్ కంట్రోల్ విభాగానికీ ఫిర్యాదు ఎలా రాయాలో కలిసి రాద్దాం.